బాగున్న చికెన్‌ని పారేయబోయి, పాడైనదాన్ని వండబోయిన రోజు

రోజూ నాలుగు వందల మందికి వండే ఒక క్యాంటీన్‌లో వచ్చే సరుకు మంచీ చెడూ చూడటం నా ఉద్యోగం. పదకొండేళ్ళుగా ఇదే పని. పచ్చి చికెన్ పాడైందో లేదో చెప్పడం మంచినీళ్ళు తాగినంత తేలిక అనుకునేదాన్ని. ఈ కేసులో మొదటి తప్పు మా వంటాయనది, రెండో తప్పు నాది, మా ఇద్దరినీ మోసం చేసింది ఒకటే, ముక్కు. అందుకే వివరంగా రాస్తున్నాను, నా తప్పుతో సహా.

బుధవారం ఉదయం ఆరూ నలభైకి ఫోన్ వచ్చింది. "మేడమ్, బ్రెస్ట్ మొత్తం పోయింది, నలభై కిలోలు. ప్యాకెట్ కోస్తే కంపు. మీరొచ్చి సంతకం పెడితే పారేస్తాం. లెగ్ పీసులు బాగున్నాయి, వాటితో లాగించేస్తాను." పెద్ద వంటాయనకి ముప్పై ఏళ్ళ అనుభవం ఉంది. మూత తీయకుండానే ఉప్పు తక్కువైందని చెప్పేసే రకం, అలాంటాయన చెబితే నేను మామూలుగా ఎదురు మాట్లాడను. కానీ ముందు రోజు వచ్చిన సరుకు, ఇంకా ఐదు రోజుల గడువున్నది, ఇరవై ప్యాకెట్లూ ఒకేసారి పోవడం నాకు నమ్మశక్యంగా అనిపించలేదు. "ఏదీ పారేయకండి అన్నా, ఏదీ పొయ్యి మీద పెట్టకండి, పావుగంటలో వస్తున్నా" అన్నాను.

వెళ్ళేసరికి పరిస్థితి ఇది. కోల్డ్ రూమ్‌లో మూడు రకాల చికెన్ ఉంది. మంగళవారం వచ్చిన వాక్యూమ్ ప్యాకెట్లు, ఎముక లేని బ్రెస్ట్, రెండేసి కిలోలవి ఇరవై. సోమవారం సాయంత్రం వచ్చిన తొడ ముక్కలు, స్కిన్‌తో, ఎముకతో, ప్లాస్టిక్ క్రేట్లలో వదులుగా పోసి పైన పాలిథీన్ కప్పినవి, మూడు క్రేట్లు కలిపి 54 కిలోలు. ఇవి కాక ఫ్రీజర్‌లోంచి తీసి కింది అరలో కరగబెట్టిన ఆరు కోళ్ళు. పై క్రేట్‌లోంచి సగం తొడ ముక్కలు అప్పటికే సింక్‌లో కడిగేసి, ఉప్పూ నిమ్మరసం పట్టించి టబ్బులో పెట్టేశారు. ఆ టబ్బు చూడగానే నాకు కొంచెం చికాకు వచ్చింది, ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు బ్రెస్ట్ సంగతి. కోసిన ప్యాకెట్ దగ్గరికి వెళ్తే వాసన నిజమే, గుప్పున కొట్టింది. అయితే ఆ వాసన ఎలాంటిదో ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. గాలి లేకుండా బిగించిన ప్యాకెట్‌లో మాంసం, దాంట్లోంచి ఊరిన నీరు రోజుల తరబడి కలిసి ఉంటాయి. వాటి వాసన ఎటూ పోలేక లోపలే పేరుకుంటుంది. కోయగానే అదంతా ఒక్కసారి బయటికొస్తుంది, కొంచెం పుల్లగా, కొంచెం గుడ్డు వాసనలా కూడా ఉండొచ్చు. మామూలుగా పది ఇరవై నిమిషాల్లో పోతుంది. రంగు కూడా గాలి తగలనంతసేపూ కాస్త ముదురుగా, ఊదా ఛాయతో ఉంటుంది, బయట పెడితే మళ్ళీ లేత గులాబీకి వస్తుంది. ఈ రెండూ పాడైన గుర్తులు కావు, గాలి లేని గుర్తులు.

కాబట్టి ఐదు ప్యాకెట్లు కోయించి, ఊరిన నీరు వంచేసి, ముక్కల్ని ట్రేలో ఒకే వరసలో పరిచి, టిష్యూతో అద్ది, ట్రేని మళ్ళీ కోల్డ్ రూమ్‌లోనే పెట్టించి వంటాయనని గడియారం చూడమన్నాను. ఇరవై నిమిషాలయ్యాక నాలుగు ట్రేల్లో వాసన లేదు. నీచు వాసన కూడా దగ్గరికి వెళ్తేనే. వేలితో నొక్కితే గుంట మళ్ళీ పైకి లేస్తోంది, టిష్యూతో తుడిచాక పైన తడి ఉందే కానీ బంక లేదు, మాంసం మధ్యలో ఉష్ణోగ్రత 3 డిగ్రీలు. అవి పాసయ్యాయి. ఐదో ట్రే మాత్రం ఇరవై నిమిషాలకీ, ఇంకో పది నిమిషాలు ఆగినా, పులిసిన పాల వాసన వదల్లేదు. చెత్తబుట్టలోంచి దాని కవర్ తీసి నీళ్ళు పోసి చూస్తే అతుకు దగ్గర సన్నని చిల్లు ఉంది. అది పోయింది. మిగిలిన పదిహేను ప్యాకెట్లలో బిగుతు తగ్గి, కవర్ మాంసాన్ని అంటుకోకుండా వదులుగా ఉన్నవి ఉన్నాయా అని ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూశాం, లేవు. అంటే ఇరవైలో పోయింది ఒక్కటి.

ఇక్కడ చిన్న పక్కమాట. ఉబ్బిన ప్యాకెట్ అంటే పాడైందే అని చాలామంది అంటారు. వాక్యూమ్ ప్యాకెట్ ఉబ్బితే అది నిజం, లోపల సూక్ష్మజీవులు గ్యాస్ తయారుచేశాయన్నమాట. కానీ గట్టి ట్రే మీద పలచని ఫిల్మ్ వేసి లోపల కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్ నింపి అమ్మే ప్యాకింగ్ పుట్టుకతోనే ఉబ్బుగా ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు. ఏ ప్యాకింగో తెలియకుండా ఉబ్బుని బట్టి తీర్పు చెప్పకూడదు.

నలభై కిలోల్లో ముప్పై ఎనిమిది నిలబడ్డాయి, అందరి మొహాలూ తేటపడ్డాయి. ఆ ఊపులోనే నేను తప్పు చేశాను. తొడ ముక్కల పై క్రేట్ మీద పాలిథీన్ తీసి వాసన చూశాను. ఏమీ లేదు. రెండో క్రేట్ పైపైన చూశాను, ఏమీ లేదు. ముక్కల రంగు బాగుంది. గన్ థర్మామీటర్ పెట్టి నొక్కితే 4 చూపించింది. కోల్డ్ రూమ్ బయట డిస్‌ప్లే మీద 3 ఉంది. "ఇవి ఓకే" అనేశాను. రిజిస్టర్‌లో టిక్ కూడా పెట్టేశాను, ఆ టిక్ ఇప్పటికీ ఉంది, పక్కన కొట్టివేతతో.

ఆ మాట వెనక్కి తీసుకునేలా చేసింది తెలివేమీ కాదు, చేతికి తగిలిన తేడా. రెండో క్రేట్‌ని పక్కకి జరుపుతుంటే అడుగున చెయ్యి పెట్టాను, పైన ఉన్నంత చల్లగా లేదు. గుచ్చే థర్మామీటర్ తెప్పించి క్రేట్ నడిమధ్యకి, ముక్కల మధ్యలోకి దింపితే తొమ్మిదిన్నర. మూడో క్రేట్‌లో పది దాటింది. గన్ థర్మామీటర్ పైపొర వేడినే చదువుతుంది, లోపల ఏముందో దానికి తెలియదు. కోల్డ్ రూమ్ డిస్‌ప్లే ఫ్యాన్ దగ్గర గాలిని చదువుతుంది, మాంసాన్ని కాదు. రెండూ అబద్ధం చెప్పలేదు, నేనడిగిన ప్రశ్నే వేరు.

చల్లని గదిలో ముప్పై అయిదు గంటలు ఉన్న మాంసం మధ్యలో తొమ్మిదిన్నర ఎలా ఉంటుందని మేనేజర్ అడిగారు. మాంసం వేడిని చాలా నెమ్మదిగా వదులుతుంది. పలచగా ట్రేలో పరిస్తే గంటల్లో చల్లబడేది, క్రేట్‌లో ముప్పావు వంతు పోసి, దాని మీద ఇంకో క్రేట్, దాని మీద ఇంకోటి పెట్టి, పాలిథీన్ కప్పి, ఫ్యాన్ గాలి తగలని మూల గోడకి ఆనించి ఉంచితే మధ్యలో ఉన్న ముక్క దుప్పటి కప్పుకుని పడుకున్నట్టే. చుట్టూ చల్లగా ఉంటుంది, దానికి మాత్రం కాదు.

ఇక వాసన సంగతి. రెండో క్రేట్ మధ్యలోంచి నాలుగు ముక్కలు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను, అప్పుడు కూడా గట్టిగా ఏమీ తెలియలేదు, ఏదో అనుమానం అంతే. దీనికి రెండు కారణాలు. చల్లని మాంసం వాసన తక్కువ వదులుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే బాగుందనిపించిన ముక్కే కాస్త వేడి తగలగానే అసలు రంగు బయటపెడుతుంది. రెండోది ఇంకా చికాకైనది. అరగంట నుంచి ఐదు ట్రేల బ్రెస్ట్ వాసన చూసి చూసి నా ముక్కు మొద్దుబారిపోయింది. ఒకే రకం వాసన మధ్య కొన్ని నిమిషాలున్నా ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. వంటాయన పొద్దున ఐదింటి నుంచీ అక్కడే ఉన్నాడు, ఆయన ముక్కు నాకంటే ఘోరం.

అందుకని మూత బిగుతుగా ఉండే మూడు డబ్బాలు తెచ్చాను. ఒకదాంట్లో పాసైన బ్రెస్ట్ ముక్క, రెండోదాంట్లో క్రేట్ మధ్యలోంచి తీసిన తొడ ముక్క, మూడోదాంట్లో కడిగి నిమ్మరసం పట్టించిన టబ్బులోంచి తీసిన ముక్క. మూతలు పెట్టి బయట పది నిమిషాలు ఉంచాం. డబ్బాలో గాలి కాస్త వెచ్చబడి, వాసన లోపలే చేరుతుంది, మూత తీసిన మొదటి క్షణంలోనే తెలిసిపోతుంది. (పరీక్షకి పెట్టిన ముక్కలు తర్వాత చెత్తలోకే, వాటిని మళ్ళీ కలపకూడదు.) ఆ రోజు కిచెన్‌లోకి అడుగు పెట్టని అకౌంట్స్ అమ్మాయిని పిలిచాం. డబ్బాల్లో ఏముందో చెప్పకుండా, "ఏది పాడైందనిపిస్తోందో చెప్పమ్మా" అన్నాను. మొదటిది మామూలుగా ఉందంది. రెండోదాని మూత తీసి వెనక్కి జరిగిపోయింది, "కుళ్ళిన గుడ్డులా ఉందండీ" అంది. మూడోది చూసి, "అన్నిటికంటే ఇదే ఫ్రెష్‌గా ఉంది" అంది.

ఆ మూడో మాటే ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైనది. రెండో డబ్బాలో, మూడో డబ్బాలో ఉన్నవి ఒకే లోడులో వచ్చిన ముక్కలు. కడిగితే పైన పేరుకున్న వాసన ద్రవాలన్నీ నీళ్ళతో పోతాయి. నిమ్మరసం, వెనిగర్ లాంటి పులుపు అమ్మోనియా తరహా వాసనల్ని నొక్కేస్తుంది. స్కిన్‌లో ఈకలు పీకిన గుంటల్లో, మడతల్లో అతుక్కున్న సూక్ష్మజీవులు మాత్రం అక్కడే ఉంటాయి. వంటాయన నమ్మలేక ఆ డబ్బా మూత పెట్టి పక్కన పెట్టి, ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ తీశాడు. ఏమీ మాట్లాడకుండా నాకిచ్చాడు. పులుపు వెనకాల గుడ్డు వాసన సన్నగా మళ్ళీ మొదలైంది.

కడగడం మీద నా చికాకు ఇందుకే. చికెన్ కడిగితే చుక్కలు చింది సింక్ చుట్టూ, పక్కన పెట్టిన గిన్నెల మీద, కూరల మీద క్రిములు పడతాయన్నది ఎప్పటి నుంచో చెబుతున్న మాట, బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2014లో దీని మీదే పెద్ద ప్రచారం నడిపింది. దానికి తోడు ఇంకో నష్టం ఉంది, దాని గురించి ఎవరూ అంతగా మాట్లాడరు: కడగడం సాక్ష్యాన్ని చెరిపేస్తుంది. కడగాలా వద్దా అన్న వాదన ఎవరితోనూ గెలవలేం, నాకా ఓపికా లేదు, కానీ కనీసం వాసన చూడటం, తడిమి చూడటం నీళ్ళు తగలకముందే అయిపోవాలి.

మరి తొడ ముక్కల్లోనే గుడ్డు వాసన ఎందుకు, బ్రెస్ట్‌లో ఎందుకు రాలేదు అంటే, ఉష్ణోగ్రత ఒక్కటే కాదు. కోడి చనిపోయాక కండలో మిగిలిన గ్లైకోజెన్, అంటే కండ దాచుకున్న చక్కెర, లాక్టిక్ ఆమ్లంగా మారి మాంసాన్ని కొంచెం పుల్లబరుస్తుంది. బ్రెస్ట్‌లో ఇది ఎక్కువ జరుగుతుంది, పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.7, 5.9 దగ్గర ఆగుతుంది. తొడ కండలో గ్లైకోజెన్ తక్కువ, పీహెచ్ 6.2 పైనే ఉండిపోతుంది. చల్లదనంలో కూడా బతికే సూక్ష్మజీవుల్లో షెవనెల్లా అనేది పీహెచ్ 6 కంటే తక్కువైతే సరిగా పెరగలేదు, తొడ మాంసం మీద మాత్రం హాయిగా పెరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది, కుళ్ళిన గుడ్డు వాసన అదే. ఒకే రోజు, ఒకే చోట పెట్టినా బ్రెస్ట్ కంటే తొడలు ముందు పోవడానికి ఇదో కారణం.

మామూలుగా చల్లగా ఉంచిన చికెన్ మీద గుత్తాధిపత్యం సూడోమోనాస్ జాతి సూక్ష్మజీవులది. అవి మొదట మాంసం పైన ఉన్న కొద్దిపాటి గ్లూకోజ్ తింటాయి, అప్పటిదాకా వాసన ఉండదు. గ్లూకోజ్ అయిపోయాక ప్రోటీన్ ముక్కల మీద పడతాయి, అప్పుడు మొదలవుతుంది కంపు. చదరపు సెంటీమీటరుకి కోటి దాకా చేరితే గానీ మన ముక్కుకి తెలియదు, పది కోట్లకి చేరితే బంక కనబడుతుంది. అంటే ముక్కు గంట కొట్టేసరికి లోపల కథ చాలావరకు అయిపోయింది. వాసన వస్తే పాడైనట్టే, అందులో సందేహం లేదు. వాసన రాకపోతే బాగున్నట్టు అనేది మాత్రం తప్పు లెక్క.

బంక గురించి కూడా ఒక మాట. తాజా చికెన్ కూడా తడిగా, జారుడుగానే ఉంటుంది, దాన్ని చూసి పాడైందని పారేసేవాళ్ళున్నారు. తేడా తెలియాలంటే టిష్యూతో బాగా అద్ది, రెండు వేళ్ళతో నొక్కి వదలాలి. తాజాది ఆరిపోతుంది, వేళ్ళకి కొంచెం అంటి వదిలేస్తుంది. పాడవుతున్నది తుడిచినా బంకగానే ఉంటుంది, వేళ్ళు విడదీస్తే సన్నగా తీగ సాగుతుంది. ఎక్కడ నొక్కి చూస్తామన్నది కూడా ముఖ్యం. విశాలంగా ఉన్న రొమ్ము మీద కాదు, రెక్క కింద, తొడ ఒంటికి అతుక్కునే మడతలో, కోడి పొట్ట లోపల, స్కిన్ అడుగున. పాడవడం అక్కడ మొదలవుతుంది, కండ లోపల కాదు. మా రెండో క్రేట్ ముక్కల్లో స్కిన్ పైన ఏమీ లేదు, స్కిన్ ఎత్తితే కింద తీగ సాగింది.

ఇంతవరకూ పరీక్షలు. నిజానికి కేసుని తేల్చింది వీటిలో ఏదీ కాదు. స్టోర్ చూసే కుర్రాడిని పక్కకి పిలిచి అడిగాను, "తమ్ముడూ, నిన్ను ఏమీ అనను, సోమవారం సాయంత్రం ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పు." రిజిస్టర్‌లో సరుకు అందినప్పటి ఉష్ణోగ్రత గడిలో 'ఓకే' అని రాసి ఉంది, అంకె లేదు. కాసేపు నసిగి చెప్పాడు. బండి ఐదున్నరకి వచ్చింది, సరుకు దించేసి వెళ్ళిపోయారు, కోల్డ్ రూమ్ తాళం ఉన్నాయన అప్పటికే ఇంటికెళ్ళిపోయాడు, తిరిగొచ్చి తెరిచేసరికి ఎనిమిది. రెండున్నర గంటలు మూడు క్రేట్లూ వరండాలో ఉన్నాయి. తర్వాత వేడి మీదే ఒకదాని మీద ఒకటి పేర్చి మూలకి నెట్టేశారు.

4 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య పచ్చి మాంసం మొత్తంగా రెండు గంటలకు మించి ఉండకూడదు, బయట వేడి 32 దాటితే ఒక గంటే. ఈ ఒక్క సమాధానంతో వాసన, బంక, డబ్బాల పరీక్ష ఏవీ లేకపోయినా 54 కిలోలూ పోయినట్టే. నేను పొద్దున్నే మొదట అడగాల్సిన ప్రశ్న ఇది, గంటన్నర ముక్కుతో తంటాలు పడ్డాక అడిగాను.

పై క్రేట్ అయినా ఉంచుదామా అన్నారు మేనేజర్. పై పొర నిజంగానే చల్లగా ఉంది, వాసనా లేదు. ఒప్పుకోలేదు. వరండాలో ఉన్న రెండున్నర గంటలు పై క్రేట్‌కీ వర్తిస్తాయి. ఇంకా, ఒకే క్రేట్‌లో ఏ ముక్క పైన ఉండేది, ఏది మధ్యలో ఉండేది ఇప్పుడెవరూ చెప్పలేరు, సగం అప్పటికే టబ్బులో కలిసిపోయింది.

అప్పుడు వచ్చింది అందరికీ తెలిసిన ఆ వాదన: "బాగా ఉడికిస్తే అన్నీ చచ్చిపోతాయి కదా మేడమ్?" ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. మధ్యలో 74 డిగ్రీలకి చేరితే రోగం తెచ్చే క్రిములు చస్తాయి, నిజం. కంపు పుట్టించే సూడోమోనాస్ లాంటివి మామూలుగా మనల్ని మంచాన పడేసేవి కావు, అదీ నిజమే. మంచాన పడేసేవి వేరే, వాటికి వాసన ఉండదు. సాల్మొనెల్లా ఉన్న చికెన్, లేని చికెన్ ముక్కుకి ఒకటే. క్యాంపైలోబ్యాక్టర్ అయితే 30 డిగ్రీల లోపు పెరగనే పెరగదు, కోసిన రోజు ఎంత ఉందో అంతే, కాబట్టి ఎంత తాజా కోడిలోనైనా ఉండొచ్చు. అందుకే బాగున్న చికెన్‌ని కూడా 74కి చేర్చాల్సిందే, తాజాదనం దానికి మినహాయింపు కాదు.

మరి పాడైనదాన్ని 74కి చేర్చి తింటే ఏం? వరండాలో రెండున్నర గంటలు, ఆ తర్వాత 10 డిగ్రీల చుట్టుపక్కల ఒకటిన్నర రోజు గడిపిన మాంసం మీద సాల్మొనెల్లా లాంటివి కూడా పెరిగే అవకాశం ఉంది, 5 డిగ్రీల కింద దాదాపు ఆగిపోయేవి ఇక్కడ ఆగవు. ఎంత పెరిగాయో తెలియనిదాన్ని ఉడికించి పందెం కాయాలి. పైగా స్టెఫిలోకాకస్ లాంటి కొన్ని క్రిములు వదిలే విషం ఉడికినా విరగదు, క్రిమి చస్తుంది, అది వదిలిన విషం ఉంటుంది. ఎలా చూసినా, కంపు అనేది రోగం కాదు, ఆ మాంసం ఎంతసేపు ఎంత వేడిలో గడిపిందో చెప్పే రసీదు లాంటిది. ఇంట్లో ఒక మనిషి తన ప్లేట్ మీద పందెం కాస్తే అది వాళ్ళిష్టం, నాలుగు వందల ప్లేట్ల మీద నేను కాయలేను.

ల్యాబ్‌కి పంపలేదా అని తర్వాత ఒకరిద్దరు అడిగారు. పంపలేదు. మొత్తం సూక్ష్మజీవుల లెక్క తేలాలంటే ల్యాబ్‌లో వాటిని పెంచే ప్లేట్లని 30 డిగ్రీల్లో 72 గంటలు ఉంచాలి. మధ్యాహ్నం భోజనం పన్నెండున్నరకి. ఏ అంకె వచ్చినా నా నిర్ణయం మారదన్నప్పుడు ఆ అంకె కోసం ఖర్చెందుకు అనుకున్నాను. దీనివల్ల ఈ కేసులో ఒక లోటు ఉంది, తొడ ముక్కలు ఎంత పాడయ్యాయో కొలిచిన ఆధారం నా దగ్గర లేదు, ఉన్నది గంటల లెక్కా, ఉష్ణోగ్రతా, ఒక అమ్మాయి ముక్కూ.

కరిగిన ఆరు కోళ్ళ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. కాళ్ళ ఎముకల చుట్టూ నల్లగా, రక్తం గడ్డకట్టినట్టు ఉందని కుర్రాళ్ళు వాటిని కూడా పక్కన పెట్టారు. లేత కోళ్ళ ఎముకలు మెత్తగా, సందులతో ఉంటాయి, గడ్డకట్టినప్పుడు లోపలి మూలుగ రంగు బయటికి ఊరుతుంది, అంతకుమించి ఏమీ లేదు. అక్కడక్కడా తెల్లగా ఎండినట్టున్న మచ్చలు ఫ్రీజర్ గాలికి ఆరినవి, రుచి ఉండదు కాబట్టి కోసేశాం. అడుగున చేరిన ఎర్ర నీళ్ళు రక్తం కావు, కండలోంచి ఊరిన నీరు. పొట్ట లోపల, రెక్కల కింద చూశాం, మధ్యలో 2 డిగ్రీలు. పాస్. బ్రెస్ట్‌లో కూడా రెండు మూడు ముక్కలు చెక్కలా గట్టిగా, తెల్ల చారలతో వచ్చాయి, అది వేగంగా పెరిగిన కోళ్ళ కండలో వచ్చే లోపం, నమలడానికి బాగోదు కానీ పాడైనది కాదు. రంగు చూసి తీర్పు చెప్పేవాళ్ళు ఎక్కువగా పొరపడేది ఇలాంటి చోటే. చర్మం పసుపుగా ఉందా తెల్లగా ఉందా అనేది కూడా కోడి తిన్న మేతని బట్టి ఉంటుంది. బూడిద రంగు కొంత గాలి వల్ల కూడా వస్తుంది, దాన్ని మిగతా గుర్తులతో కలిపి చూడాలి. ఆకుపచ్చ మెరుపు తిరిగితే మాత్రం నేను ఇక వాసన కూడా చూడను.

ఆ రోజు భోజనం ఇరవై నిమిషాలు ఆలస్యమైంది, చికెన్ ముక్కలు చిన్నవయ్యాయి, రెండు ఫిర్యాదులు వచ్చాయి. తొడ ముక్కలు కడిగిన సింక్‌నీ, చుట్టూ ఒక చేయి దూరం దాకా గట్టునీ సబ్బుతో కడిగి శానిటైజర్ వేయించాం, పక్కన బుట్టలో తరిగి పెట్టిన పచ్చి కూరగాయలు కూడా పారేశాం, వాటి కోసం వంటాయన నాతో కాసేపు మాట్లాడలేదు.

తర్వాత మార్చినవి ఎక్కువేమీ కాదు. సరుకు అందినప్పటి గడిలో 'ఓకే' రాస్తే లెక్కలోకి రాదు, ముక్కల మధ్య గుచ్చి చూసిన అంకె రాయాలి, 4 దాటితే దించుకోకూడదు. వదులుగా వచ్చిన ముక్కలు క్రేట్‌లో నాలుగు వేళ్ళ ఎత్తుకు మించి పోయకూడదు, క్రేట్‌కీ గోడకీ మధ్య చెయ్యి పట్టాలి. కోల్డ్ రూమ్ రెండో తాళం స్టోర్ కుర్రాడికి ఇచ్చాం, నా లెక్కలో అన్నిటికంటే పనికొచ్చిన మార్పు ఇదే, పైసా ఖర్చు లేదు. వండే ముందు చూసే వరస కూడా మార్చాను: మొదట ఎప్పుడొచ్చింది, ఎక్కడుంది, ఎంత వేడిలో ఉందని అడగాలి, తర్వాత చెయ్యి, చివర్లో ముక్కు. అదీ కిచెన్ బయటి మనిషి ముక్కు అయితే మరీ మంచిది. నీళ్ళు ఆ తర్వాతే. ఇంట్లో ఫ్రిజ్‌కి కూడా నేను ఇదే వరస పాటిస్తాను, 4 డిగ్రీల లోపు ఉంటే పచ్చి చికెన్‌కి ఒకటి రెండు రోజులు, అంతకంటే ఆగాలంటే మొదటి రోజే ఫ్రీజర్. తలుపు అరలో అసలు పెట్టను, తెరిచిన ప్రతిసారీ ముందు వేడెక్కేది అదే.

మూడు వారాల తర్వాత వంటాయన ఫోన్ చేశాడు, మళ్ళీ ఆరూ నలభైకే. "ఒక ప్యాకెట్ వాసనొస్తోంది మేడమ్. ఇరవై నిమిషాలు ఆరబెట్టాను, పోలేదు. కవర్లో నీళ్ళు పోసి చూశా, అతుకు దగ్గర కారుతోంది. మిగతావి బిగుతుగానే ఉన్నాయి, రెండు కోసి చూశా, బాగున్నాయి. ఇదొక్కటే పారేస్తున్నా, మీరు రానక్కర్లేదు, సంతకం మాత్రం పదింటికి పెట్టండి."